షాంగ్ కాలపు కంచు పాత్రలు: 832 కిలోల డింగ్‌ని మట్టి అచ్చులో ఎలా పోశారు?

కుంపటి_కబుర్లు
బీజింగ్‌లోని చైనా జాతీయ మ్యూజియంలో ఉన్న హౌమువూ డింగ్ ఫోటో అందరూ చూసే ఉంటారు. చైనాని మూడు వేల ఏళ్ళ కిందట ఏలిన షాంగ్ వంశం నాటి నాలుగు కాళ్ళ కంచు తొట్టి అది. ఎత్తు 133 సెం.మీ., బరువు 832.84 కిలోలు. ప్రాచీన ప్రపంచం నుంచి మనకు దక్కిన కంచు పాత్రల్లో ఇంత బరువున్నది మరొకటి లేదు. 1939లో హెనాన్ ప్రాంతం ఆన్యాంగ్ (షాంగ్ చివరి రాజధాని) దగ్గర వూగ్వాన్ గ్రామంలో దొరికింది. జపాన్ సైన్యం కంటపడకుండా ఊరివాళ్ళు మళ్ళీ పూడ్చిపెట్టి, 1946లో బయటికి తీశారు. అప్పటికే ఒక చెవి పోయింది. ఇప్పుడు కనిపించేది తర్వాత చేసి అతికించినది.

తెలుగులో దీని గురించి కనిపించే రాతలన్నీ ‘మైనపు బొమ్మ చేసి, కరిగించి పోశారు’ అనే చెబుతున్నాయి. అది సరికాదు. షాంగ్ పోతగాళ్ళు వాడింది ముక్కల మట్టి అచ్చు. ఈ దారంలో ఆ పద్ధతిని మొదటి నుంచి చివరిదాకా పెడదాం. పోత పని తెలిసినవాళ్ళు, పురావస్తు నివేదికలు చదివినవాళ్ళు రాయండి. డ్రాగన్ల మహిమలు, ‘రహస్య విద్యలు’ వద్దు.

ఎర్రకొలిమి
క్రమంలో చెప్తాను. ముందు పేర్లు ఖాయం చేసుకుందాం: పాత్ర ఆకారంలో చేసే మట్టి బొమ్మ ‘మాదిరి’, దాని మీద అద్దే మట్టి ‘పైఅచ్చు’, పాత్ర లోపలి ఖాళీ కోసం పెట్టే మట్టిముద్ద ‘లోఅచ్చు’.

మాదిరిని మెత్తటి మట్టితో చేసి ఆరబెడతారు. నగిషీలో పెద్ద భాగాలు దీని మీదే చెక్కుతారు. దాని మీద తడిమట్టి పలకల్ని గట్టిగా అదిమి, కాస్త బిగిశాక ముక్కలుగా కోసి ఊడదీస్తారు. మూడు కాళ్ళ గుండ్రటి డింగ్‌కి సాధారణంగా మూడు ముక్కలు, కాలి దగ్గర ఒక్కో అతుకు. చదరపు డింగ్‌కి పక్కలు, మూలలు, అడుగు అంటూ ఇంకా ఎక్కువ. కోసేటప్పుడే అంచుల్లో కుసులు, గుంటలు పెడతారు. మళ్ళీ కలిపినప్పుడు ముక్క వెంట్రుకవాసి కూడా జరగకూడదు. వడ్రంగి పనిలో కుసి ఎలాగో ఇదీ అలాగే. ఊడదీసిన ముక్కల లోపలి వైపు సన్నటి గీతల నగిషీని మళ్ళీ సరిదిద్దుతారు.

తర్వాత లోఅచ్చు. పాఠ్యపుస్తకాలు చెప్పేది ఒకటే: మాదిరి పైపొరని గోడ మందం మేరకు గీకేస్తే మిగిలిందే లోఅచ్చు. మందం 5 మి.మీ. కావాలంటే 5 మి.మీ. గీకాలి. చెప్పడం తేలిక.

లోఅచ్చు చుట్టూ పైఅచ్చు ముక్కలు నిలబెట్టి, మధ్య సందు చెదరకుండా చిన్న చిన్న కంచు బిళ్ళలు పెడతారు. ఇవి పాత పాత్రల పగిలిన ముక్కలే. పోసిన లోహం వీటి చుట్టూ గడ్డకట్టి, ఇవి గోడలోనే ఉండిపోతాయి. పాత్రని ఎక్స్‌రే తీస్తే చతురస్రాలుగా కనిపించేవి ఇవే.

ముక్కలన్నీ తాళ్ళతో బిగించి, పైన ముతకమట్టి మెత్తి, ఆరబెట్టి, కాల్చి, వేడి పూర్తిగా దిగకముందే పోత పోస్తారు. పాత్ర తలకిందులుగా ఉంటుంది, కాళ్ళు పైకి. ఒక కాలిలోంచి లోహం పోస్తే మిగతా కాళ్ళలోంచి గాలి బయటికి పోతుంది. గాలిబుడగలు, మడ్డి పైకి తేలి కాళ్ళ వైపు చేరతాయి. మూతి అంచు, నగిషీ ఉన్న పొట్ట నికార్సుగా వస్తాయి.

చల్లారాక అచ్చు పగలగొట్టి, అతుకుల్లో పొంగిన రేకుని అరగదీసి, ఇసుకరాయితో రుద్దుతారు. పైఅచ్చు ఒక్కసారికే పనికొస్తుంది. అందుకే షాంగ్ పాత్రల్లో అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉన్న జత దొరకదు.

పాతరాతియుగం
>మిగిలిందే లోఅచ్చు

ఇది అన్ని పాత్రలకీ వర్తించదు. ఆన్యాంగ్‌లో నగిషీ చెక్కిన మాదిరులు చెక్కుచెదరకుండా దొరికాయి. గీకేసి ఉంటే అవి మిగలకూడదు కదా. జోడించిన పైఅచ్చు లోపల గోడ మందం మేరకు మట్టి పలక పరిచి, దాని లోపల లోఅచ్చు మట్టి కూరి, ఆ పలక తీసేసినా అదే సందు వస్తుంది. రెండు దారులూ వాడి ఉంటారు. అసలు గీకే దారిలో మాదిరి పోతుంది కాబట్టి, అచ్చులో ఒక ముక్క పగిలిందంటే మొత్తం పని మొదటికొస్తుంది. అనుభవమున్న పోతగాడు పెద్ద పాత్రకి ఆ సాహసం చేయడు.

వీధిబడి
ఒక సందేహం. మట్టి అచ్చులో 1,100 డిగ్రీల కంచు పోస్తే పగలదా? కుమ్మరి మట్టితో చేసిన అచ్చు ఆరేటప్పుడే బీటలు వారుతుంది. అంత పెద్ద ముక్కలు వంకర పోకుండా ఎలా నిలిచాయి?

ఎర్రకొలిమి
మొత్తం కథకి కీలకం ఈ ప్రశ్నే.

అది కుమ్మరి మట్టి కాదు. పసుపు నది పరీవాహకమంతా గాలి మోసుకొచ్చి పోసిన లోయెస్ మట్టి. దాంట్లో జిగురు తక్కువ, పిండిలాంటి సన్నటి రేణువులు ఎక్కువ. ఆన్యాంగ్ అచ్చుల్ని పరీక్షిస్తే మామూలు లోయెస్ కంటే కూడా జిగురు తక్కువగా ఉన్నట్టు తేలింది. అంటే నీళ్ళలో కలిపి, తేలిన జిగురుమట్టిని వంపేసి, మిగిలినదాన్నే వాడారన్నమాట. జిగురు తక్కువైతే ఆరేటప్పుడు కుంచించుకోవడం తక్కువ. కుంచించుకోకపోతే వంకర లేదు, ముక్కలు మళ్ళీ కలిపినప్పుడు సందు రాదు. దీనికి మూల్యం కూడా ఉంది. అలాంటి మట్టిని సారె మీద తిప్పలేం, పట్టు ఉండదు. అదిమి, కోసి, చెక్కే పనికే పనికొస్తుంది.

రెండో సంగతి, పొరలు. లోహం తగిలే ముఖం వైపు అతి సన్నటి మట్టి, వెనక ముతక మట్టి. ముఖం నగిషీని పట్టుకుంటుంది. వెనకపొర గాలిని, ఆవిరిని పీల్చుకుంటుంది.

మూడోది, కాల్పు. నీడలో నెమ్మదిగా ఆరబెట్టాక తక్కువ వేడి మీదే కాలుస్తారు. 900 డిగ్రీలు దాటనివ్వరు. కుండలా గట్టిగా, గాజుగా కాల్చేస్తే సందులు మూసుకుపోయి ఊపిరాడదు, పోసినప్పుడు ఆవిరి లోహంలోకే తన్నుకొస్తుంది. పచ్చిగా వదిలేస్తే ఇంకా ప్రమాదం: మట్టిలో మిగిలిన నీరు ఒక్కసారిగా ఆవిరై కరిగిన కంచుని బయటికి చిమ్ముతుంది.

లోఅచ్చుకి ఇంకో తిప్పలు. గడ్డకట్టాక చల్లారే కంచు నిడివిలో సుమారు ఒకటిన్నర శాతం కుంచించుకుంటుంది. లోపల మట్టి రాయిలా ఉంటే గోడ చీలుతుంది. అందుకని లోఅచ్చు కాస్త గుల్లగా, నలిగేలా ఉండాలి.

గవ్వలమూట
చక్కగా చెప్పారండీ. పెద్ద డింగ్‌ల కాళ్ళ సంగతి దీనికే జోడించాలి. గోడ సన్నం, కాలు లావు. గోడ ముందు గడ్డకట్టి, లావు కాలు చివర్లో గడ్డకడితే మధ్యలో గుంట పడుతుంది. ఆన్యాంగ్ కాలంలో దీనికి విరుగుడుగా కాలి మధ్యలో కూడా మట్టిముద్ద పెట్టారు. బయటికి గట్టి కంచు స్తంభం, లోపల మట్టి. లోహం ఆదా అవుతుంది, చల్లారడం సమమవుతుంది. విరిగిన కాళ్ళలో ఆ మట్టి ఇప్పటికీ కనిపిస్తుంది. కాల్చిన కాలం తేల్చడానికీ, పాత్రని ఏ ప్రాంతంలో పోశారో పోల్చడానికీ పరిశోధకులు ఆ మట్టినే గీకి తీసుకుంటారు.

తగరంతాత
లోహం గురించి ఎవరూ మాట్లాడలేదు. హౌమువూ డింగ్‌లో రాగి 84.77 శాతం, తగరం 11.64, సీసం 2.79. అంటే దాదాపు 706 కిలోల రాగి, 97 కిలోల తగరం, 23 కిలోల సీసం. పోత దారుల్లో మిగిలేది, కరిగించేటప్పుడు తరుగు పోయేది కలిపితే ఇంకా ఎక్కువ సిద్ధం చేసుకోవాలి. కొలతలో చూస్తే 95 లీటర్లకి పైగా ద్రవలోహం, అదీ ఆగకుండా పోయాలి. మధ్యలో ఆగితే ముందు పోసింది గడ్డకట్టి, తర్వాత పోసింది దానితో అతకదు. గోడ అడ్డంగా చీలినట్టు గీత పడుతుంది.

తగరం కలపడం గట్టిదనం కోసమే కాదు. రాగి ఒక్కటే కరగాలంటే 1,085 డిగ్రీలు కావాలి. తగరం 10 శాతం దాటితే ఆ గీత వెయ్యి చుట్టుపక్కలకి దిగుతుంది. సీసం రాగిలో కలవదు, చిన్న చిన్న బొట్లుగా ఉండిపోతుంది. కానీ పోసేటప్పుడు లోహం నీళ్ళలా పారి, నగిషీ సందుల్లోకి దూరడానికి అదే సాయం. ఎక్కువైతే పాత్ర మెత్తబడుతుంది.

చాలామంది ఇక్కడ పాత చైనా చేతిపనుల గ్రంథం ‘కావ్ గోంగ్ జీ’లోని ఆరు మిశ్రమాల పట్టికని తెచ్చి పెడతారు. గంటలకీ, డింగ్‌లకీ ఆరులో ఒకటి తగరం, గొడ్డళ్ళకి ఐదులో ఒకటి, బరిసె తలలకి నాలుగులో ఒకటి, కత్తులకి మూడులో ఒకటి, బాణపు మొనలకి ఐదులో రెండు, అద్దాలకి సగం. అది షాంగ్ కాలపు రాత కానే కాదు. షాంగ్ తర్వాత వచ్చిన జౌ రాజ్యాల చివరి కాలపు సంకలనం, దాదాపు వెయ్యేళ్ళ తర్వాతది. దాన్ని తెచ్చి హౌమువూకి అతికించడం తప్పు.

పాతరాతియుగం
ఆ పట్టికలోనే చిక్కుంది. ‘జిన్’ అంటే రాగా, కలిపిన మొత్తం లోహమా అన్నది స్పష్టం కాదు. ఆరు భాగాల మొత్తంలో ఒకటి తగరమంటే 16.7 శాతం. ఆరు భాగాల రాగికి ఒకటి తగరమంటే 14.3. అద్దాలకి నిజంగానే మొత్తంలో సగం తగరం కలిపితే చేతిలోంచి జారగానే గాజులా పగులుతుంది. దొరికిన అద్దాల్లో తగరం 20–25 శాతం దగ్గరే ఉంటుంది. 2022లో ఇద్దరు పరిశోధకులు ఇంకో మాట అన్నారు: ‘జిన్’, ‘షీ’ (పట్టికలో తగరం అని చదివే మాట) రెండూ శుద్ధ లోహాలు కావు, ముందే కలిపి దిమ్మలుగా పోసిపెట్టుకున్న మిశ్రమాలు అని. నాణేల విశ్లేషణ మీద నిలబెట్టిన వాదన అది. నాకు సబబుగానే తోచింది. పోతశాలలో తగరాన్ని విడిగా తూచి కలపడం కన్నా తయారు దిమ్మల్ని లెక్కపెట్టి వేయడం తేలిక.

రాజుపాళెం_రెడ్డి
మరి ఒక్కసారే 800 కిలోలు ఎలా పోశారు? ఒక మూసలో 12–13 కిలోలు పడుతుందనుకుంటే డెబ్బై మూసలు కావాలి. డెబ్బైమంది వరసగా నిలబడి పోస్తుంటే మొదటిది ఎప్పుడో గడ్డకడుతుంది.

ఎర్రకొలిమి
ఆ మూసల లెక్క పాతది. ఆన్యాంగ్ పోతశాలల్లో మట్టి పూసిన పెద్ద కొలిముల శిథిలాలు దొరికాక దాన్ని పట్టుకుని వేలాడేవాళ్ళు తగ్గారు. అచ్చుని గుంటలో దింపి, చుట్టూ గట్టు మీద కొలుములు పెట్టి, మట్టి కాలువల్లోంచి లోహాన్ని నేరుగా కాళ్ళ రంధ్రాల్లోకి వదలడం ఒక్కటే ఇంత బరువుకి కుదిరే దారి. అన్ని కొలుముల్లోనూ లోహం ఒకేసారి సిద్ధం కావాలి. తిత్తులు ఊదేవాళ్ళు, బొగ్గు వేసేవాళ్ళు, తూము తెరిచేవాళ్ళు అందరూ ఒకే అరుపుకి కదలాలి.

ఇంకో విషయం, పాత్ర మొత్తం ఒకే పోత కాదు. తొట్టి, కాళ్ళు ముందు. చెవులకి తర్వాత తొట్టి అంచు మీదే అచ్చు కట్టి విడిగా పోశారు. చెవి మొదట్లో లోహం అంచు మీదికి పొర్లినట్టు కనిపించేది అందుకే.

గవ్వలమూట
రెండుసార్లు పోసే ఈ ఉపాయమే షాంగ్ పనితనానికి ప్రాణం. రెండు రకాలుగా చేస్తారు. చిన్న భాగాన్ని ముందే పోసి, దాన్ని పెద్ద అచ్చులో నిలబెట్టి, చుట్టూ పాత్ర పోయడం ఒకటి. పాత్ర పోశాక దాని మీద అచ్చు కట్టి భాగం పోయడం రెండోది. వేడి లోహం చల్లటి లోహానికి కరిగి అతుక్కోదు, చుట్టూ గడ్డకట్టి బిగుసుకుంటుంది అంతే. అందుకని రంధ్రమో, కుసో ముందే పెట్టాలి. అది మరిస్తే పిడి కొన్నాళ్ళకి ఊగుతుంది.

1938లో హునాన్‌లోని నింగ్‌షియాంగ్‌లో దొరికిన నాలుగు పొట్టేళ్ళ జున్ (మద్యం పాత్ర) చూడండి. ఎత్తు 58.3 సెం.మీ., బరువు 34.5 కిలోల దగ్గర. మూలల్లో పొట్టేళ్ళు, మెలితిరిగిన కొమ్ములు. ఇంత చిక్కటి పని మైనం లేకుండా కుదరదని చాలాకాలం వాదించారు. తీరా చూస్తే కొమ్ములు ముందే విడిగా పోసి, పొట్టేలి తల అచ్చులో పెట్టారు. అచ్చు ముక్కల అతుకులు కూడా ఉన్నాయి.

వీధిబడి
పాత్రల మూలల్లో నిలువుగా పొడుచుకొచ్చే పళ్ళ అంచులు ఉంటాయి కదా. అవి అచ్చు అతుకుల్ని దాచడానికే పెట్టారని చదివాను. నిజమేనా?

పాతరాతియుగం
సగమే నిజం. ఆ అంచులు చాలావరకు అతుకుల మీదే వస్తాయి, ముక్కలు కాస్త తేడాగా కలిసినా కంటికి తెలియదు. కానీ అతుకు లేనిచోట కూడా, ముఖం మధ్యలో, మూత మీద ఇవే అంచులున్న పాత్రలు బోలెడు. అంటే మొదట పని అవసరంగా పుట్టి, తర్వాత అందం కోసం నిలిచిపోయింది.

అచ్చు ముక్కలు నగిషీని ఎంత శాసించాయంటే, ముఖాలు ఎప్పుడూ ముక్క హద్దుల్లోనే ఉంటాయి. మూడు ముక్కలైతే మూడు గడులు. ఇంగ్లీషు పుస్తకాల్లో ‘తావ్‌తియే’ అని రాసే రెండు కళ్ళ మృగ ముఖం సరిగ్గా ఒక గడిలో కూర్చుంటుంది. ఆ పేరు షాంగ్ వాళ్ళు పెట్టింది కాదు, క్రీ.పూ. 3వ శతాబ్దపు రాతలోంచి తెచ్చి తగిలించింది. ఆ ముఖానికి వాళ్ళు ఏ అర్థం చెప్పుకున్నారో రాసిపెట్టలేదు. యూట్యూబ్ వాళ్ళు మాత్రం రోజుకో అర్థం చెబుతున్నారు.

1953లో మాక్స్ లోర్ అనే కళా చరిత్రకారుడు తవ్వకాల ఆధారం లేకుండా, కేవలం నగిషీ చూసి ఈ పాత్రల్ని ఐదు దశలుగా విడగొట్టాడు. మొదటి దశలో సన్నటి ఉబ్బుగీతలు: అచ్చు లోపల గీత చెక్కితే పాత్ర మీద ఉబ్బుతుంది, అంతే తేలిక. చివరి దశలో నేపథ్యమంతా మెలికల గీతలు, వాటి మీద ముఖం ఎత్తుగా లేస్తుంది, అది మాదిరి మీద చెక్కితేగానీ రాదు. షాంగ్ తొలి నగరం జెంగ్‌జౌ తవ్వకాల్లో పాత పొరల్లో పాత దశలే దొరికేసరికి ఆ క్రమం నిలబడింది.

కుంపటి_కబుర్లు
పాత్రల లోపల అక్షరాలు ఉంటాయి కదా, అవి చెక్కినవా, పోతలోనే వచ్చాయా?

గవ్వలమూట
షాంగ్, పశ్చిమ జౌ కాలాల్లో దాదాపు అన్నీ పోతలోనే వచ్చాయి. ఆలోచించండి: కంచు మీద అక్షరం గుంటగా ఉంది. అంటే లోఅచ్చు మీద అదే అక్షరం ఉబ్బుగా, తిరగేసి ఉండాలి. ఉబ్బు అక్షరాల్ని మట్టి మీద తిరగరాయడం నరకం. తేలిక దారి ఇది: విడిగా ఒక మట్టి పలక మీద అక్షరాల్ని సూటిగా గుంటగా చెక్కుతారు. దాని మీద మెత్తటి మట్టి అదిమితే ఉబ్బుగా, తిరగబడి ముద్ర పడుతుంది. ఆ ముద్రని లోఅచ్చులో గూడు తీసి పొదుగుతారు. కొన్ని శాసనాల చుట్టూ కనిపించే సన్నటి చతురస్ర గీత ఆ పొదిగిన పలక అంచే. నిలువు, అడ్డ గీతల గళ్ళు కనిపిస్తే అవి అక్షరాలు వరస తప్పకుండా మట్టి మీద గీసుకున్నవి.

హౌమువూలో ఉన్నవి మూడే అక్షరాలు. ‘వూ’ అన్నది చనిపోయిన తల్లి పూజా నామం. రాజు వూ దింగ్ భార్య ఆవిడ. చేయించింది కొడుకు. మొదటి అక్షరాన్ని పూర్వం ‘సీ’ అని చదివేవారు కాబట్టి పాత పుస్తకాల్లో ‘సీమువూ’ అని ఉంటుంది. 2011 నుంచి మ్యూజియం పలకపై ‘హౌమువూ’ అని మార్చారు.

పశ్చిమ జౌకి వచ్చేసరికి రాతలు పొడుగయ్యాయి. 1963లో బావోజీ దగ్గర దొరికిన హ-జున్‌లో 122 అక్షరాలు. ‘జోంగ్ గ్వో’, అంటే నడిమి రాజ్యం అనే మాట మనకు దొరికినంతలో మొదట కనిపించేది దాంట్లోనే. తైపేలో ఉన్న మావ్ గోంగ్ డింగ్‌లో దాదాపు 500.

రాజుపాళెం_రెడ్డి
ఇంత తంటా ఎందుకు అంట? మైనంతో చేస్తే ముక్కలు కోసే పని లేదు, అతుకులు లేవు. మన ఆదిలాబాద్ ఓజాలు చేసే డోక్రా అదే కదా. మట్టి బొమ్మ మీద మైనపు తీగ చుట్టి, పైన మట్టి మెత్తి, కాల్చి మైనం పోగొట్టి, ఇత్తడి పోస్తారు. చైనా వాళ్ళకి ఇది తెలియదా?

ఎర్రకొలిమి
డోక్రా తీగ పని మంచి పోలిక. అక్కడ లోపలి మట్టిముద్ద, పై మట్టి షాంగ్ పద్ధతిలాగే ఉంటాయి. మధ్య సందుని మైనం నిర్ణయిస్తుంది, అంతే తేడా. కానీ మైనపు బొమ్మ ఒక్క మనిషి చేతి పని. మట్టి ముక్కల పని పంచుకోవచ్చు. ఒకరు మట్టి కలుపుతారు, ఒకరు మాదిరి, ఒకరు ముక్కలు కోయడం, ఇద్దరు ముగ్గురు నగిషీ, ఒకరు కాల్పు. పైఅచ్చు ముక్క పాడైతే మాదిరి మీద మళ్ళీ ఒక్క ముక్కే తీయొచ్చు. రాజు చేతిలో వందలమంది పనివాళ్ళు ఉన్నప్పుడు ఇదే లాభం. ఆన్యాంగ్ దగ్గరి షావ్‌మిన్‌తున్ పోతశాలలో వేల కొద్దీ అచ్చు ముక్కలు దొరికాయి. అది కుటుంబ వృత్తి స్థాయి కాదు.

ఇంకా మొదట్నుంచీ ఆ నేల మీద మట్టి పని ముదిరి ఉంది. సన్నటి గోడల మట్టి పాత్రలు చేసేవాళ్ళు పాత్ర ఆకారాలే పోశారు. షాంగ్‌కి ముందరి అర్లితౌలో దొరికిన మొదటి తరం జ్యూ (మూడు కాళ్ళ మద్యం గిన్నె) పాత్రల గోడ 1–2 మి.మీ. మాత్రమే. మనిషి బొమ్మ పోయాలంటే మైనం బాగా పనికొస్తుంది. పొట్ట, మెడ, కాళ్ళున్న పాత్రకి ముక్కల అచ్చు చాలు.

పాతరాతియుగం
మైనం అసలు లేదనకూడదు. హెనాన్‌లోని షీచ్వాన్ షియాసీ చూ-రాజ్య సమాధిలో 1978లో దొరికిన కంచు పీట ఉంది, క్రీ.పూ. 6వ శతాబ్దం నాటిది. చుట్టూ అల్లుకున్న సన్న తీగల జాలరు. చాలామంది దాన్ని మైనపు పోత అంటారు. కొందరు చైనా పరిశోధకులు దాన్నీ ఒప్పుకోరు, ముక్కల అచ్చు, అతుకులతోనే చేశారంటారు. ఏది నిజమైనా, షాంగ్ కాలం పొడవునా పాత్రలకి మైనం అవసరం పడలేదు.

పని పంచుకోవడం ఎక్కడిదాకా పోయిందో చూడాలంటే షాన్షీలోని హౌమా చూడాలి. క్రీ.పూ. 6–5 శతాబ్దాల్లో జిన్ రాజ్యపు పోతశాల, వేల వేల అచ్చు ముక్కలు. అక్కడ నగిషీని ప్రతిసారీ చెక్కలేదు. ఒక గడి నమూనాని గట్టి మట్టి పలకగా ఒకేసారి చెక్కి కాల్చి ఉంచారు. దాంట్లో పల్చటి మట్టి అదిమి తీస్తే ఒక పట్టీ. అలాంటి పట్టీలు కావలసినన్ని తీసి, పక్కపక్కనే పైఅచ్చు లోపల అతికించారు. చుట్టుకొలత సరిగ్గా భాగించకపోతే చివరి పట్టీని కోసేయడమే. పాత్ర వెనక వైపు మృగం ముఖం సగానికి తెగిపోయి కనిపించేది ఆ కోత వల్లే.

తంబురశ్రుతి
గంటల సంగతి ఎవరూ ఎత్తలేదే. 1978లో హుబెయ్‌లోని స్వెయ్‌జౌలో తవ్విన జెంగ్ రాజ్యపు ప్రభువు యీ సమాధిలో 65 గంటలు దొరికాయి. వాటిలో ఒకటి చూ రాజు క్రీ.పూ. 433లో కానుకగా పంపినది. అన్నిటికన్నా పెద్దది 203.6 కిలోలు. ఒక్కో గంట రెండు స్వరాలు పలుకుతుంది. మధ్యలో కొడితే ఒకటి, పక్కగా కొడితే దానికి పైన గాంధారం దూరంలో ఇంకొకటి.

గుట్టు ఆకారంలో ఉంది. అడ్డుకోత గుండ్రం కాదు, రెండు పెంకులు ఎదురెదురుగా మూసినట్టు కోలగా, రెండు పక్కలా కొనలు. దానివల్ల రెండు కంపనాలు వేర్వేరు చోట్ల నిశ్చలమవుతాయి. ఒకదాన్ని కొట్టిన చోట రెండోది మేల్కోదు. గుండ్రటి గంట మోగితే హూంకారం చాలాసేపు సాగి, తర్వాతి స్వరాన్ని మింగేస్తుంది. కోల గంట త్వరగా ఆగుతుంది కాబట్టి స్వరాలు వరసగా వాయించొచ్చు. పైన కనిపించే 36 బొడిపెలు కూడా అక్కర్లేని మోతని తుంచడానికి తోడ్పడతాయి.

శ్రుతి పోతలోనే పూర్తిగా రాదు. అచ్చులో గోడ కాస్త మందంగా ఉంచి, పోశాక లోపలి అంచుని కొన్ని నిర్ణీత చోట్ల అరగదీస్తారు. అరగదీస్తే స్వరం దిగుతుంది. ఎక్కువ దిగిందంటే తిరిగి ఎక్కించే దారి లేదు, కరిగించి మళ్ళీ పోయాల్సిందే.

తగరంతాత
లోహం కూడా చూడండి. ఆ గంటల్లో తగరం 12–15 శాతం మధ్య, సీసం చాలా తక్కువ. తగరం తక్కువైతే మోత మొద్దుబారుతుంది, 16–17 దాటితే పెళుసై కొట్టినప్పుడు బీటలు వారుతుంది. సీసం ఎక్కువైతే కంచు కంఠం కాస్తా మూగబోతుంది, బొట్లు కంపనాన్ని తాగేస్తాయి. పూజా పాత్రలకి సీసం ధారాళంగా వాడినవాళ్ళే గంట దగ్గర చెయ్యి బిగబట్టారు.

వీధిబడి
సాన్‌షింగ్‌దుయ్ ముసుగులు, చెట్లు కూడా ఈ పద్ధతేనా?

గవ్వలమూట
అవును, ముక్కల అచ్చే. 1986లో సిచువాన్ గ్వాంగ్‌హాన్‌లో బయటపడిన రెండో గుంటలోని కంచు చెట్టు 396 సెం.మీ. కొమ్మలు, పళ్ళు, పక్షులు విడివిడిగా పోసి, ఒకదాని మీద ఒకటి పోతతో బిగించారు, కొన్నిచోట్ల మేకులు కొట్టారు. నిలబడ్డ మనిషి బొమ్మ పీఠంతో కలిపి 2.6 మీటర్లు. ఆకారాల ఊహ ఆన్యాంగ్‌కి పూర్తిగా వేరు, పనిముట్లు మాత్రం ఒక్కటే.

కుంపటి_కబుర్లు
చివరగా ఒకటి. ఆన్‌లైన్ వేలాల్లో ‘షాంగ్ కంచు’ అని పెడుతుంటారు. ఫోటోల్లో ఏం చూడాలి? అలాగే పాత కంచు ఇంట్లో ఉన్నవాళ్ళు శుభ్రం చేయడం గురించి కూడా.

పాతరాతియుగం
ఫోటోతో తేల్చలేం, కానీ ఈ నాలుగూ అడగండి. చెవుల కింద, అడుగున అచ్చు అతుకు గీతలు ఉన్నాయా, అవి అచ్చు ముక్కలు విడిపోవడానికి వీలైన చోటే ఉన్నాయా? మైనంతో చేసిన నకిలీకి అతుకు ఉండదు. నకిలీగాడు గీత గీసినా, అసలు ముక్క ఊడిరాని చోట గీస్తాడు. ఎక్స్‌రేలో బిళ్ళలు ఉన్నాయా? శాసనం బిళ్ళ మీదుగా పోతోందా? పోతగాడు అక్షరాలున్న చోట బిళ్ళ పెట్టడు. గీత బిళ్ళని కోసుకుంటూ పోతే, రాత తర్వాత ఉలితో చెక్కిందే. పాత్ర అసలైనదే అయినా ధర పెంచడానికి శాసనం చెక్కడం పాత వ్యాపారం. నాలుగోది చిలుము. అసలు చిలుము లోహంలోకి దిగి ఉంటుంది. జిగురుతో పూసిన పచ్చరంగు అసిటోన్ తగిలితే ఊడి దూదికి అంటుతుంది.

ఇంకోటి, పచ్చరంగు పాత్ర అసలు రంగు కాదు. పోసిన రోజున అది బంగారు పసుపు. పూజా మందిరంలో మెరుస్తూ ఉండేది.

తగరంతాత
శుభ్రం గురించి: పాత తవ్వకపు కంచుకి చింతపండు, నిమ్మకాయ తగలనివ్వకండి. వంటింటి ఇత్తడి చెంబుకి సరే. తవ్వకపు కంచులో మట్టిలోంచి చేరిన క్లోరైడు ఉంటుంది, ఆమ్లం తగిలితే పైపొర పోయి అది బయటపడుతుంది. లేత ఆకుపచ్చ పొడి చుక్కలుగా రాలుతుంటే అది చిలుము కాదు, జబ్బు. గాలిలో తేమ తగిలినకొద్దీ లోపలికి తొలుచుకుంటూ పోతుంది. వెంటనే గాలి చొరని డబ్బాలో సిలికా జెల్‌తో పెట్టి, తేమ 42 శాతం దాటకుండా చూడాలి. పొడిని మెత్తటి కుంచెతో దులపండి, నీళ్ళతో కడగొద్దు. తుప్పుని ఆపే బెంజోట్రయాజోల్ పూత మ్యూజియం సంరక్షకుల పని, దాని ఆవిరి ఒంటికి మంచిది కాదు.

రాజుపాళెం_రెడ్డి
ఆ తగరం, సీసం ఎక్కణ్ణుంచి తెచ్చారన్నది తేలిందా?

ఎర్రకొలిమి
సీసం ఐసోటోపుల (బరువులో తేడా ఉన్న సీసం పరమాణువుల) పాళ్ళు చూస్తే షాంగ్ పాత్రల్లో చాలావాటికి మామూలు గనుల్లో కనిపించని విచిత్రమైన గుర్తు ఉంది. యురేనియం, థోరియం ఎక్కువగా ఉన్న ఖనిజంలోంచి వచ్చిన సీసం అది. ఆన్యాంగ్‌లోనూ అదే, వెయ్యి కిలోమీటర్ల దూరంలోని సాన్‌షింగ్‌దుయ్‌లోనూ అదే. షాంగ్ చివర్లో ఆ గుర్తు తగ్గిపోతుంది. గని యున్నాన్ వైపు అని ఒక వర్గం, యాంగ్‌జీ మధ్యభాగమని ఒక వర్గం, ఛిన్‌లింగ్ కొండలని ఇంకో వర్గం. దీనికి విడిగా దారం తెరిస్తే మంచిది. ఇక్కడే మొదలుపెడితే అచ్చుల సంగతి మరుగున పడుతుంది.